లైన్లో ఎవరున్నారు? - స్విచ్‌బోర్డు నుంచి కురబలకోట సర్వరు దాకా

2018లో కురబలకోటలో మేం నలుగురం ఆడవాళ్ళం కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం. కింద ఎరువుల అంగడి, పైన మేం. ఆ గదిలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. దానికి మౌస్ లేదు, తెర మీద బొమ్మలు లేవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మిణుకుమిణుకుమనే ఒక గీత. వెనకవైపు ఒక కార్డు, ఆ కార్డులోకి మా ల్యాండ్‌లైన్ తీగ. ఎవరైనా ఫోన్ చేస్తే గంట మోగేది కాదు. తెర మీద అక్షరాలు గబగబా పైకి పాకేవి. అదే మా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి.

నేను చదివింది సాహిత్యం. స్త్రీల పనిపాటల మీద పిహెచ్.డి. చేశాను. విసుర్రాయి పాటలు, నాట్ల పాటలు, కలుపు పాటలు. టేప్ రికార్డర్ పట్టుకుని ఊళ్ళు తిరిగిన ఆ నాలుగేళ్ళలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. ఇంట్లో కూచోబెట్టి పాడమంటే ఆడవాళ్ళు దేవుడి పాట పాడతారు. వాకిట్లో మామ, వసారాలో మొగుడు, వంటింట్లో అత్త వింటుంటే ఇంకేం పాడతారు? అసలు పాట చేలో ఉంటుంది. టమాటా కోతకు పోయినప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు ఉంటుంది. ఈ చేతి ఫోన్లు వచ్చాక చేలోకీ ఫోన్ పోయింది కదా, వాళ్ళే ఫోన్ చేసి పాడితే ఎలా ఉంటుంది అనుకున్నాం. ఇంజినీరింగ్ చదివిన ఒక చెల్లెలు రెండు రోజులు కూచుని ‘ఆస్టరిస్క్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పది కమాండ్లు ఒక కాయితం మీద రాసిచ్చి, బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. నేనూ, ఆ కాయితమూ మిగిలాం.

ఆ కాయితంతో మొదలైన నా చదువు ఎక్కడెక్కడికో పోయింది. టెలిఫోన్ చరిత్ర చదివినకొద్దీ అది ఆడవాళ్ళ చెవుల చరిత్ర అనిపించింది. మా గదిలో జరిగిన ఒక తప్పు కూడా ఆ చరిత్రలో భాగమే. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

టెలిఫోన్ కొత్తలో ఎక్స్‌ఛేంజిలో పనిచేసింది మగపిల్లలు. తంతి ఆఫీసుల్లో కుర్రాళ్ళను పెట్టుకున్న అలవాటుతో ఇక్కడా వాళ్ళనే పెట్టారు. వాళ్ళు ఫోన్ చేసినవాళ్ళను తిట్టేవాళ్ళు, ఆటపట్టించేవాళ్ళు, ఒకరి లైను ఇంకొకరికి కలిపి నవ్వుకునేవాళ్ళు. దాంతో 1878 సెప్టెంబర్ 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే అమ్మాయిని ఆపరేటర్‌గా తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటర్ ఆమే. ఓర్పు, మెత్తని గొంతు, తక్కువ జీతం - ఈ మూడూ ఒక్కచోట దొరుకుతాయని యజమానులకు తెలిసిపోయింది. కొన్నేళ్ళలోనే స్విచ్‌బోర్డు ఆడవాళ్ళ పని అయిపోయింది. మన దేశంలో 1882 జనవరిలో కలకత్తాలో ఎక్స్‌ఛేంజి తెరిచారు. మద్రాసు, బొంబాయిల్లోనూ ఆ ఏడే మొదలయ్యాయి. తర్వాతి రోజుల్లో ఆ పెద్ద నగరాల ఎక్స్‌ఛేంజీల్లో కూచున్నవాళ్ళలో ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలు ఎక్కువ. ఇంగ్లీషు వచ్చు కాబట్టి, ‘మర్యాదస్తుల’ ఇళ్ళ ఆడవాళ్ళు అప్పటికింకా గడప దాటి జీతానికి రావడం లేదు కాబట్టి.

ఆపరేటర్ పని చూడ్డానికి తేలిక. తీగ తీసి ఒక రంధ్రంలో పెట్టడం, మాట ముగిశాక పీకడం. కానీ ఆ మధ్యలో ఆమె లైన్లో ఉంటుంది. కలిసిందో లేదో తెలియాలంటే వినాల్సిందే. ఎవరు ఎవరికి ఎన్నిసార్లు ఫోన్ చేస్తారో, ఏ వేళకు చేస్తారో ఆమెకు తెలుసు. ఊరి గుట్టు ఒక ఆడమనిషి చెవిలో ఉండటం మగలోకానికి ఎప్పుడూ ఇబ్బందే.

ఆ ఇబ్బంది నుంచే ఆటోమాటిక్ ఎక్స్‌ఛేంజి పుట్టిందని ఒక కథ. అమెరికాలో కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అనే అతను అంత్యక్రియల వ్యాపారం చేసేవాడు. పోటీ వ్యాపారి భార్య టెలిఫోన్ ఆపరేటర్ అనీ, తనకు రావలసిన ఫోన్లన్నీ ఆమె మొగుడికి కలుపుతోందనీ అతని అనుమానం. ఆ కోపంతో ఆపరేటర్ అవసరమే లేని యంత్రం తయారుచేసి 1891లో పేటెంట్ తీసుకున్నాడట. పేటెంట్ నిజం. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో ఆ ఎక్స్‌ఛేంజి పనిచేయడం మొదలుపెట్టిందన్నదీ నిజం. ఆ ఆపరేటర్ నిజంగా అలా చేసిందా అన్నది మాత్రం కథగానే మిగిలింది. కానీ టెలిఫోన్ చరిత్ర చెప్పే ప్రతి పుస్తకమూ ఆ కథ చెప్తుంది. పేరు కూడా లేని ఆ ఆడమనిషి కుట్రే ఇంత పెద్ద ఆవిష్కరణకు కారణమన్నట్టు. అమ్మాయిల్లేని, తిట్లు లేని, ఎదురుచూపులు లేని టెలిఫోన్ అని ఆ యంత్రాన్ని ప్రచారం చేసుకున్నారు. అమ్మాయి లేకపోవడమే దాని గొప్ప! మన దేశంలో మొదటి ఆటోమాటిక్ ఎక్స్‌ఛేంజి 1913-14లో సిమ్లాలో వచ్చింది. పాలకుల మాటలు చెవిన పడకూడని ఊరు అదే కదా.

ఆ యంత్రాల తర్వాతి తరంలో ఇంకో స్త్రీ ఉంది. ఆమె గురించి మన ఆడపిల్లలకు ఎవరూ చెప్పరు. ఎర్నా ష్నైడర్ హూవర్ 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, గణిత మూలసూత్రాల మీద డాక్టరేట్ చేసింది. స్వార్త్‌మోర్ కాలేజీలో పాఠాలు చెప్పింది. అక్కడ శాశ్వత ఉద్యోగం దొరక్క 1954లో బెల్ ల్యాబ్స్‌లో చేరింది. అప్పటికి ఎక్స్‌ఛేంజీలోకి కంప్యూటర్ తెచ్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. సమస్యల్లా ఒక్కసారిగా ఫోన్లు మీదపడితే కంప్యూటర్ ఉక్కిరిబిక్కిరై కూలబడటం. రెండో కూతురిని కని ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఆమె ఆ సమస్యకు పరిష్కారం గీసుకుంది. పేటెంట్ కాయితాల మీద సంతకానికి లాయరే ఆమె ఇంటికి వచ్చాడట, ఆమె ప్రసూతి సెలవులో ఉంది మరి. 1971లో పేటెంట్ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన తొలి పేటెంట్లలో అదొకటి.

ఆమె ఆలోచన ఏ ఇల్లాలికైనా అర్థమవుతుంది. పని నెత్తిమీద పడినప్పుడు ఏది ముందు, ఏది వెనక? పాలు పొంగుతున్నాయి, బిడ్డ ఏడుస్తోంది, చాకలి పద్దు రాయాలి. పద్దు తర్వాత రాసుకోవచ్చు. అలాగే ఎక్స్‌ఛేంజి మీద బరువు పెరిగినప్పుడు వస్తున్న ఫోన్లు అందుకోవడం ముందు, లెక్కలూ బిల్లులూ తర్వాత. ఎంత బరువుందో యంత్రమే ఎప్పటికప్పుడు చూసుకుంటూ, మోయగలిగినన్ని కాల్సే తీసుకోవాలి. లెక్క తర్వాత, మనిషి ముందు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మదనపల్లె చరిత్ర అనగానే అందరూ 1919 చెప్తారు. ఠాగూర్ ఇక్కడికి వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చడం, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాయడం. నిజమే, గొప్పదే. కానీ మా ప్రాంతపు ఆడవాళ్ళ బతుకుల్ని మార్చిన ఇంకో గొంతు చరిత్ర ఉంది. దాన్ని ఎవరూ రాయలేదు. అది కువైట్ ఫోన్ల చరిత్ర. మదనపల్లె, రాయచోటి, కడప వైపు నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి కువైట్ పోయారు. ఇంటికి ఫోన్ లేదు. అంగడతని నంబరు ఇచ్చి, పక్కన ‘పి.పి.’ అని రాసుకునేవాళ్ళు. అంగడి పిల్లోడు పరిగెత్తుకుని వచ్చి పిలిచేవాడు. తల్లి కువైట్ నుంచి ఏడుస్తుంటే ఇక్కడ కూతురు పదిమంది ముందర నిలబడి ‘బాగుండామ్మా, అందరం బాగుండాం’ అనాలి. ఏడుపు ఆ పక్కన, అబద్ధం ఈ పక్కన. మధ్యలో బియ్యం కొనడానికి వచ్చినవాళ్ళు.

1984లో సి-డాట్ సంస్థ పెట్టి, పల్లెల వేడికీ దుమ్ముకూ తట్టుకునే చిన్న ఎక్స్‌ఛేంజిని మనవాళ్ళే తయారుచేశారు. ఏసీ గది అక్కర్లేని ఆ 128 లైన్ల పెట్టె మొదట 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పనిచేసింది. బ్రిటిష్ వాళ్ళతో పోరాడిన రాణి చెన్నమ్మ ఊరు అది. ఆ తర్వాత ఊరూరా పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. వాటిలో చాలా చోట్ల కూచున్నది ఆడపిల్లలే. గాజు తలుపు లోపల మాట్లాడేవాళ్ళ మొహాలు చూస్తూ, బయట మీటర్ మీద ఎర్ర అంకెలు చూస్తూ, అన్నీ తెలిసీ ఏమీ తెలియనట్టు చిల్లర ఇచ్చిన ఆ అమ్మాయిలు మన ఊరి ఎమ్మా నట్‌లు. వాళ్ళ అనుభవాలు ఎవరైనా సేకరించారా? స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను 1986లో తెచ్చి, ఆడవాళ్ళు చెప్పింది కూచుని వినడం కూడా చరిత్ర రాయడమేనని మనకు నేర్పింది. బూత్ అమ్మాయిల దగ్గర ఎవరూ కూచోలేదు. ఇంటింటికీ చేతి ఫోన్లు వచ్చాయి, బూత్‌లు జెరాక్స్ అంగళ్ళయ్యాయి.

ఇక మా ఆస్టరిస్క్ సంగతి. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. ఆఫీసుకు ఫోన్ ఎక్స్‌ఛేంజి కొనాలంటే వేల డాలర్లు. కొనలేక తనే ప్రోగ్రాం రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని వదిలేశాడు. దాన్ని నిజం టెలిఫోన్ తీగలకు కలిపే కార్డుల పద్ధతిని జిమ్ డిక్సన్ అనే ఇంకొకాయన తయారుచేసి అందరికీ ఇచ్చాడు. మెక్సికో రైతు విప్లవకారుడు జపాటా పేరు దానికి పెట్టుకున్నాడు. ఆస్టరిస్క్ అంటే ఫోన్ మీది చుక్క గుర్తే. కంప్యూటర్ భాషలో ఆ గుర్తుకు ‘ఏదైనా సరే, అన్నీ’ అని అర్థం. ఒకప్పుడు ప్రభుత్వాల దగ్గరా పెద్ద కంపెనీల దగ్గరా ఉన్న ఎక్స్‌ఛేంజి, ఎరువుల అంగడి మీది గదిలోకి వచ్చిందంటే వీళ్ళ పుణ్యమే. అయితే మన దగ్గర సాధనాల్ని తమ చేతిలోకి తీసుకున్న ఆడవాళ్ళు అంతకుముందే ఉన్నారు. 2008లో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో మొదలైన సంగం రేడియోను జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ నడిపారు. దళిత స్త్రీలు మైకు, మిక్సర్ పట్టుకోగా లేనిది, డాక్టరేట్ ఉన్న నేను ఒక నల్ల తెరకు భయపడటమేమిటి అని సిగ్గేసింది.

భయం మెల్లగా పోయింది. ఫోన్ వస్తే ఏం చేయాలో వరసగా ఒక ఫైలులో రాయాలి. మొదట ఎత్తు, తర్వాత ఈ మాట వినిపించు, తర్వాత అంకె కోసం ఆగు. సాహిత్యం చదివినదాన్ని కాబట్టి ఆ ఫైలులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక ఏర్పాటు. లేని అంకె వొత్తినవాళ్ళకు ఒక దారి, ఏమీ వొత్తకుండా ఊరుకున్నవాళ్ళకు ఇంకో దారి, మధ్యలో పెట్టేసినవాళ్ళకు మరో దారి విడివిడిగా రాయవచ్చు. మౌనాన్ని కూడా ఒక జవాబుగా తీసుకునే యంత్రం! ఊరుకున్నవాళ్ళ దారిలో మేం ‘తొందరేం లేదమ్మా, నిదానంగా చెప్పు’ అని పెట్టాం.

గొంతు ఎవరిది అన్నది ఇంకో చర్చ. ఆస్టరిస్క్‌తో వచ్చే ఇంగ్లీషు గొంతు ఆలిసన్ స్మిత్ అనే కెనడా ఆమెది. ఆడవాళ్ళను ఎక్స్‌ఛేంజి నుంచి పంపించేసినా ఆడగొంతును మాత్రం ఉంచుకున్నారు చూడండి. విసుక్కోని, జీతం అడగని గొంతు. అందులో తెలుగు లేదు. మేమే రికార్డ్ చేయాలి. ‘నొక్కండి’ అని చదివాను నేను. మాతో పనిచేసే అక్క నవ్వింది. “నొక్కేదేంది, వొత్తేది అను. నువ్వు మాట్లాడితే బ్యాంకోళ్ళు మాట్లాడినట్టుండాది.” చివరికి ఆమె గొంతే పెట్టాం. పాటకు 1, కథకు 2, మాతో మాట్లాడాలంటే 3.

మూడు అంకె ఏదో మర్యాదకు పెట్టాం. మూడు నెలలు తిరిగేసరికి అందరూ వొత్తేది మూడే. పాట పాడతానని చేసి, ఒక చరణం పాడి, ఆగి, “అక్కా, ఒక మాట అడగాల్ల” అనేవాళ్ళు. పెన్షన్ సంగతి, కువైట్ ఏజెంటు తీసుకున్న డబ్బు సంగతి, మొగుడు కొట్టిన సంగతి. 2005 గృహహింస చట్టం గురించి చెప్పడం, దగ్గరలో ఎవరిని కలవాలో చెప్పడం, 181 నంబరు చెప్పడం - అంతవరకే మేం చేయగలిగింది. చెప్పేలోగా చాలాసార్లు లైను కట్టయ్యేది. అలా తెగినవాళ్ళకు తిరిగి ఫోన్ చేయడం కోసం, వచ్చిన ప్రతి నంబరూ తెర మీద కనబడేలా ఫైలులో ఒక వరస చేర్చాను. నేనే చేర్చాను. అది పనిచేసినప్పుడు ఎంత గర్వపడ్డానో!

మా తెర తలుపు వైపుకు తిరిగి ఉండేది. ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఒకతను ఏదో దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చాడు. కుర్చీలో కూచున్నాడు. తెర మీద అక్షరాలు పాకాయి, మధ్యలో పది అంకెలు వెలిగాయి. అతను చూశాడు. “ఈ నంబరు మా ఇంట్లోదే” అన్నాడు. నేను తెర ఆపేలోగా అది మూడు వొత్తినట్టు కూడా చెప్పేసింది. “రోజూ చేస్తాదా?” అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. దరఖాస్తు రాయించుకోకుండానే లేచి పోయాడు.

ఆ నంబరు మళ్ళీ రాలేదు. పన్నెండు రోజుల తర్వాత వేరే నంబరు నుంచి, చాలా చిన్న గొంతుతో: “అక్కా, నా పేరు చెప్పినారా?”

“లేదమ్మా. నేను చెప్పలేదు.”

“మరి ఆయప్పకెట్ల తెలిసె? నా ఫోను తీసుకునేసినాడు.”

ఏం చెప్పను? నా తెర చెప్పిందని చెప్పాను. క్షమించమన్నాను. ఆమె కాసేపు ఊరుకుంది. మా మౌనపు దారి ఉంది కదా, అది ఆమెకు ‘తొందరేం లేదమ్మా’ అని చెప్పలేదు, ఎందుకంటే లైన్లో నేనే ఉన్నాను. నా దగ్గర మాటలు లేవు. “సర్లే” అని పెట్టేసింది.

స్ట్రోజర్ కథలో ఆపరేటర్‌ను నేను చాలా ఏళ్ళు వెనకేసుకొచ్చాను. ఆ తర్వాత నా గురించి ఆలోచించాల్సి వచ్చింది. చెవి ఉన్నచోట అధికారం ఉంటుంది. ఆడమనిషి చెవి అయినంత మాత్రాన అది తనకు తానుగా మేలు చేయదు. ఆ రాత్రి సర్వరులో ఏమేం ఉన్నాయో మొదటిసారి వెతికాను. ఎవరు, ఎప్పుడు, ఏ అంకె, ఎన్ని సెకన్లు - ప్రతి ఫోనూ ఒక ఫైలులో దానంతటదే రాసుకుపోతోంది. బిల్లు వేయడానికి పుట్టిన లెక్క అది. మేం ఎవరికీ బిల్లు వేయం, అయినా నెలల తరబడి రాస్తూనే ఉంది. ఆ ఫైలు పేరు ‘మాస్టర్’. జరుగుతున్న మాటను మూడోవాళ్ళు దొంగచాటుగా వినే ఏర్పాటు కూడా ఉంది. దాని పేరులోనే ‘స్పై’ ఉంది. తయారుచేసినవాళ్ళు దాచలేదు, నేనే చదవలేదు.

తెరను గోడ వైపు తిప్పాను. నంబరు చూపించే వరస తీసేశాను. మాస్టర్ ఫైలు చెరిపి, రాసే భాగాన్నే ఆపేశాను. హూవర్ చెప్పిందీ అదే కదా, లెక్క తర్వాత, మనిషి ముందు. కానీ దానికీ ఒక ధర ఉంది. రెండు వారాల తర్వాత ఒకామె ఏడుస్తూ ఫోన్ చేసింది, ఊరి పేరు చెప్పేలోగా లైను తెగింది. తిరిగి చేద్దామంటే నంబరు లేదు. ఆమె మళ్ళీ చేయలేదు. నంబరు ఉంటే ఒకరికి ముప్పు, లేకపోతే ఇంకొకరికి. ఈ రెండింటి మధ్య నికరమైన దారి నాకు ఇప్పటికీ దొరకలేదు.

దొరికినంతవరకు చేశాం. మొదటి మాటల్లోనే అక్క గొంతుతో ‘మేము తిరిగి ఫోన్ చేయొచ్చు అనుకుంటే 9 వొత్తు’ అని పెట్టాం. వొత్తినవాళ్ళ నంబరు మాత్రమే ఒక నోట్‌బుక్కులో, పెన్సిలుతో. ఏ వేళకు చేయాలి, వేరేవాళ్ళు ఎత్తితే ఏమని చెప్పాలి అని కూడా ఆమెనే అడిగి రాసుకునేవాళ్ళం. ఒకామె పాల కేంద్రం అని చెప్పమంది, ఇంకొకామె స్కూలు టీచర్ అని చెప్పమంది. పని అయ్యాక ఆ పేజీ చించేసేవాళ్ళం. మా దగ్గర చెరిపేసినా వాళ్ళ ఫోనులో నంబరు ఉంటుంది కాబట్టి, పెట్టేసినాక అది చెరిపేసుకోమని చివర చెప్పేవాళ్ళం. ఫోన్ కంపెనీ దగ్గర ఉండే లెక్కను మేం ఏమీ చేయలేం. అదీ చెప్పేవాళ్ళం.

2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్. గదికి తాళం వేశాం, సర్వరు మాత్రం లోపల నడుస్తూనే ఉంది. నేను ఇంటినుంచే నెట్ ద్వారా దానిలోకి వెళ్ళి చూసేదాన్ని. ఎన్ని కాల్స్ నడుస్తున్నాయి అని అడిగితే, సున్నా. మరుసటిరోజూ సున్నా. ఊళ్ళో అంతా బాగున్నారని కాదు. మొగుళ్ళంతా ఇంట్లో ఉన్నారు, ఫోన్ చేయడానికి చేను లేదు. ఆ ఏప్రిల్‌లో జాతీయ మహిళా కమిషన్ గొంతెత్తి మాట్లాడలేనివాళ్ళ కోసం వాట్సాప్ నంబరు పెట్టాల్సి వచ్చింది. మా సున్నాకు అర్థం అప్పుడు ఇంకా బాగా తెలిసింది.

2021లో గది వదిలేశాం. అద్దె కట్టలేకపోయాం, నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. సర్వరును ఆపడానికి మూడు కమాండ్లున్నాయి. ‘ఇప్పుడే’ అంటే మాట్లాడుతున్నవాళ్ళ లైన్లు తెంచేసి ఆగిపోతుంది. ‘వీలైనప్పుడు’ అంటే కొత్తవాళ్ళనూ రానిస్తూ, లైన్లన్నీ ఖాళీ అయిన క్షణాన ఆగుతుంది. ‘మర్యాదగా’ అంటే కొత్త ఫోన్లు తీసుకోదు, ఉన్నవాళ్ళు మాట ముగించేదాకా వేచి ఉంటుంది. నేను మర్యాదగా ఆపమన్నాను. ఎవరూ లేరులే అనుకున్నాను. లైను ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నానని తెర చెప్పింది. అప్పుడు చూస్తే ఒక కాల్ ఉంది, ఒకటి వొత్తిన కాల్. ఎవరో పాడుతున్నారు. ఎవరో తెలుసుకునే దారి నేనే తీసేశాను. దగ్గర దగ్గర పదకొండు నిమిషాలు ఆ గదిలో నిలబడ్డాను. పాట అయిపోయాక తెర ఆగిపోయింది.

ఆ పాటలన్నీ నా దగ్గర ఉన్నాయి. వాటికి తేదీలున్నాయి, పేర్లు లేవు.